తేలే నేల మీద మన ఇల్లు

అంటార్కిటికాలో భారతదేశం కట్టుకున్న తొలి ఇంటిని పైనుంచి పడ్డ మంచు పూడ్చేసింది. అది అందరూ చూశారు. ఆ ఇంటి కింద, వందల మీటర్ల మంచుగడ్డకు అడుగున సముద్రం చేస్తున్న పనిని మాత్రం అప్పుడు చూసినవాళ్లు లేరు.

1983 డిసెంబరు 27. గోవా రేవు వదిలి మూడు వారాలు దాటింది. ఫిన్‌పొలారిస్ ఓడకు అడ్డంగా ఒక తెల్లటి గోడ నిలబడింది. ఎడమకు చూసినా కుడికి చూసినా దాని కొస అందడం లేదు. కత్తితో కోసినట్టు నిలువునా తెగిన మంచు. దాని పాదాల దగ్గర నల్లటి నీళ్లు మెల్లగా కొట్టుకుంటున్నాయి.

ఓడలో 81 మంది ఉన్నారు. శాస్త్రవేత్తలు, సైన్యం ఇంజినీర్లు, నౌకాదళం వాళ్లు, వైమానిక దళం వాళ్లు. వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు. ఒకరు రాళ్లను చదివే సుదీప్తా సేన్‌గుప్తా, మరొకరు సముద్రజీవులను చదివే అదితీ పంత్. మన దేశపు యాత్రతో అంటార్కిటికాకు వెళ్లిన మొదటి మహిళలు వీళ్లే. అందరికీ నాయకుడు హర్ష్ కె. గుప్తా, నలభై ఒక్కేళ్ల భూభౌతిక శాస్త్రవేత్త.

మన దేశం నుంచి ఇది మూడో యాత్ర. మొదటిది 1981 డిసెంబరులో ఎస్.జెడ్. ఖాసిం నాయకత్వంలో వెళ్లి, 1982 జనవరి 9న అక్కడ అడుగుపెట్టింది. రెండోదానికి వి.కె. రైనా నాయకుడు. ఆ రెండు బృందాలూ వెళ్లి చూసి, కొలిచి, ఎండకాలం పోకముందే తిరిగొచ్చాయి. మూడో బృందం మీద పడ్డ భారం వేరు. అక్కడ ఇల్లు కట్టాలి. ఓడ వెనక్కి మళ్లాక పన్నెండు మంది ఆ ఇంట్లోనే చలికాలమంతా బతకాలి. 1983 సెప్టెంబరులోనే అంటార్కిటికా ఒప్పందంలో మన దేశానికి సలహా సభ్యత్వం, అంటే నిర్ణయాల్లో మాట చెల్లే హోదా, వచ్చింది. మాట చెల్లే చోట మనిషి కూడా ఉండాలి కదా.

చేతిలో ఉన్నది రెండు నెలలు. సముద్రం మళ్లీ గడ్డకట్టేలోపు ఓడ బయటపడకపోతే, ఓడ కూడా అక్కడే చిక్కుకుపోతుంది.

నీటి బరువు తెలిసిన మనిషి

గుప్తా పుట్టింది ఉత్తరప్రదేశ్‌లో. శాస్త్రవేత్తగా పేరొచ్చింది మాత్రం హైదరాబాద్‌లో, ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో. ఆయన ఏళ్ల తరబడి చదివింది ఒక చిత్రమైన సంగతి. 1967 డిసెంబరు 11న మహారాష్ట్రలోని కొయనా దగ్గర భూమి కంపించింది. నూట డెబ్భై మందికి పైగా చనిపోయారు. అక్కడ కొత్తగా కట్టిన డ్యాంలో చేరిన నీళ్లకూ ఆ కంపానికీ సంబంధం ఉందని పరిశోధకులు తేల్చారు. ఆ పని ముందుకు నడిపినవాళ్లలో గుప్తా ఒకరు. నీళ్ల బరువు పడితే కిందనున్న రాయి ఏం చేస్తుందో ఆయనకు తెలుసు.

అలాంటి మనిషి ఇప్పుడు ఇల్లు కట్టించాల్సిన చోట రాయే లేదు. ఉన్నది మంచు. దాని కింద నీళ్లు.

ఓడ ముందు నిలబడ్డ ఆ గోడ నేలకు అంచు కాదు. అంటార్కిటికా లోపలి మంచు తన బరువుకు తానే మెల్లగా జారుతూ తీరానికొస్తుంది. తీరం అయిపోయినా ఆగదు. సముద్రం మీదికి సాగి, తేలుతూ ముందుకు పోతుంది. ఆ తేలే భాగాన్నే ఐస్ షెల్ఫ్ అంటారు. వందల మీటర్ల మందం ఉంటుంది. పైన నిలబడ్డ మనిషికి అది తేలుతోందని తెలియదు. ట్రాక్టరు తోలినా, హెలికాప్టరు దించినా కదలదు. కానీ రోజూ ఆటుపోట్లతో పాటు లేస్తుంది, దిగుతుంది.

రాతి నేల అసలే లేదని కాదు. లోపలికి వెళ్తే షిర్మాకర్ ఒయాసిస్ అనే రాళ్ల దిబ్బ ఉంది. సోవియట్ వాళ్లు 1961 నుంచి అక్కడే నొవొలాజరెవ్స్కయా కేంద్రంలో ఉంటున్నారు. కానీ ఓడ దగ్గర దింపిన కలప, జనరేటర్లు, నూనె పీపాలు, ఏడాదికి సరిపడా తిండి, అంత బరువునూ పగుళ్లు నిండిన మంచు మీదుగా పదుల కిలోమీటర్లు ఈడ్చుకుపోవడం రెండు నెలల్లో తెమిలే పనికాదు. అంచుకు కొంత లోపలగా, తేలే మంచు మీదనే చోటు ఎంచారు.

పొద్దు గూకని పని

జనవరిలో అక్కడ సూర్యుడు అస్తమించడు. ఆకాశం చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. పని కూడా అట్లాగే తిరిగింది. సైన్యం ఇంజినీర్లు వంతులవారీగా దిగారు. ముందే తయారు చేసి తెచ్చిన కలప గోడలను మంచు మీద నిలబెట్టి బిగించారు. గాలి లేచినప్పుడు ఆగారు, తగ్గగానే మళ్లీ మొదలుపెట్టారు. అక్కడి గాలివాన పేరుకే వాన. నీటిచుక్క ఉండదు, నేల మీది మంచుపొడి లేచి మొహాన కొడుతుంది. చేయి చాచితే వేళ్లు కనపడవు.

1984 జనవరి 26న అక్కడ జెండా ఎగిరింది. ఇరుగుపొరుగు సోవియట్, తూర్పు జర్మనీ కేంద్రాల వాళ్లు ఆ పండక్కి వచ్చారు. ఎనిమిది వారాల్లో ఇల్లు నిలబడింది. పడక గదులు, వంటిల్లు, ప్రయోగశాల, జనరేటర్లు అన్నీ అమిరాయి. పేరు దక్షిణ గంగోత్రి. ఫిబ్రవరి 24న ఒక పోస్టాఫీసు కూడా వచ్చింది. కొన్నేళ్ల తర్వాత ఏడో యాత్రతో వెళ్లిన శాస్త్రవేత్త జి. సుధాకరరావు దానికి తొలి గౌరవ పోస్టుమాస్టరు అయ్యారు. మొదటి ఏడాదిలోనే దాదాపు 10,000 ఉత్తరాల మీద ముద్ర పడింది. తన చోటు తానే మార్చుకుంటూ పోయిన పోస్టాఫీసు అది. కింద మంచు సముద్రం వైపు జరుగుతుంటే అదీ జరిగింది.

ఓడ వెళ్లిపోయింది. సైనికాధికారి సత్య ఎస్. శర్మ నాయకత్వంలో పన్నెండు మంది మిగిలారు. పగళ్లు చిక్కిపోతూ వచ్చి, ఒకరోజు సూర్యుడు అసలు పొడవలేదు. దాదాపు రెండు నెలల చీకటి. దాహానికి మంచు కరిగించుకోవాలి, వెచ్చదనానికి నూనె కాల్చాలి, నిద్రకు గడియారాన్ని నమ్ముకోవాలి.

ఆ పన్నెండు మందికి చీకటి రెండు నెలలే. వాళ్ల పాదాల కింద, మంచుగడ్డకూ సముద్రం అడుగుకూ మధ్య ఉన్న నీళ్లలో వేల ఏళ్లుగా చీకటే. అక్కడ పని మాత్రం రాత్రీ పగలూ సాగుతూనే ఉంది.

అడుగున జరిగేది

తెలంగాణలోని మా సిరికొండ అంగడిలో కుల్ఫీ బండి దగ్గర నిలబడితే ఆ పని సగం అర్థమవుతుంది. బండాయన గడ్డమంచు పగలగొట్టి కుండలో వేసి, పిడికెడు గల్లుప్పు చల్లుతాడు.

“కాకా, మంచు మీద ఉప్పెందుకు?”

“ఉప్పు పడితె మంచు కరుగుతది బిడ్డా. అది కరిగితెనే డబ్బాల పాలు గడ్డకడ్తయ్.”

కాకా చెప్పింది అక్షరాలా నిజం. ఉప్పు తగిలిన మంచు సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నా కరుగుతుంది. కరగడానికి కావాల్సిన వేడిని పక్కనున్నదాని నుంచి లాక్కుంటుంది. అంటార్కిటికాలో ఆ ఉప్పు సముద్రంలోనే ఉంది. ఉప్పునీరు పైన సుమారు మైనస్ 1.9 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది.

ఇక్కడ లోతు కూడా లెక్కలోకి వస్తుంది. లోతుకు పోయేకొద్దీ ఒత్తిడి పెరిగి, గడ్డకట్టే హద్దు ఇంకా కిందికి జారుతుంది. ప్రతి వెయ్యి మీటర్లకు దాదాపు ముప్పావు డిగ్రీ. అంటే మైనస్ 1.9 దగ్గరున్న నీళ్లు, మనకు ఎముకలు కొరికేంత చల్లనివి, అయిదు వందల మీటర్ల లోతులో మంచుకు ఆనితే అక్కడ అవి వెచ్చని నీళ్ల కిందే లెక్క. మంచు కరుగుతుంది.

అలా కరిగిన నీళ్లలో ఉప్పు ఉండదు. కాబట్టి తేలిక. ఆ నీళ్లు మంచు అడుగునే పట్టుకుని, దాని వాలు వెంబడి పైకి ఎగబాకుతాయి. పైకొచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, గడ్డకట్టే హద్దు పైకి లేస్తుంది. ఇందాక కరిగి వచ్చిన నీళ్లే ఇప్పుడు గడ్డకట్టాల్సిన దానికంటే చల్లగా మిగులుతాయి. వాటిలో సన్నటి మంచు రేకులు పుట్టి, పైకి తేలి, ఐస్ షెల్ఫ్ అడుగుకు అంటుకుంటాయి. లోతులో కరిగించి, ఎగువన అతికించే ఈ పద్ధతికి శాస్త్రవేత్తలు మంచు పంపు అని పేరు పెట్టారు. మోటారు లేదు, నూనె లేదు. ఉప్పు, లోతు, వాలు ఉంటే చాలు, అది నడుస్తుంది.

ఈ అతుకు పలుచనిదేమీ కాదు. మన మూడో కేంద్రం భారతి ఉన్న వైపు అమెరీ అనే పెద్ద ఐస్ షెల్ఫ్ ఉంది. దాని కింద కొన్నిచోట్ల ఇలా చేరిన సముద్రపు మంచే దాదాపు 200 మీటర్ల మందం ఉంటుంది. అలాంటి మంచు విరిగి, కొండలై తేలుతూ తలకిందులైతే, అడుగు పైకొచ్చి పచ్చల రాయిలా పచ్చగా మెరుస్తుంది.

షిర్మాకర్ రాళ్ల ఉత్తరపు అంచున కొన్ని చెరువులున్నాయి. ఆ ఒడ్డున నిలబడి చూస్తే సముద్రం ఎక్కడా కనిపించదు. అయినా ఆ చెరువుల మట్టం ఆటుపోట్లకు లేస్తుంది, దిగుతుంది. వాటి అడుగు ఐస్ షెల్ఫ్ కింది నీళ్లతో కలిసే ఉంది. అక్కడ పనిచేసేవాళ్లకు కింద సముద్రం ఉందని రోజూ గుర్తుచేసే సాక్ష్యం ఇదే.

చీకట్లోకి తొంగిచూసినవాళ్లు

దక్షిణ గంగోత్రి పుట్టడానికి ఆరేళ్ల ముందు, 1977 డిసెంబరులో, అంటార్కిటికాకు ఇంకో వైపు అమెరికా బృందం ఒకటి ఆ చీకటికి కన్నం వేసింది. రాస్ ఐస్ షెల్ఫ్ మీద, సముద్రపు అంచుకు 400 కిలోమీటర్లకు పైగా లోపల. 420 మీటర్ల మంచును నిప్పు మంటతో కరిగించుకుంటూ దిగారు. కింద 237 మీటర్ల నీళ్లు. ఎండ పొడ ఎన్నడూ తగలని ఆ నీళ్లలో ప్రాణి ఏముంటుందని కెమెరా దింపితే, రొయ్యల్లాంటి చిన్న జీవులు, చేపలు కనిపించాయి.

కన్నం నుంచి చూస్తే ఒక్క చోటే తెలుస్తుంది. మొత్తం తిరిగి చూడాలంటే మనిషి లేని జలాంతర్గామి కావాలి. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్ వాళ్లు ఆటోసబ్ అనే యంత్రాన్ని ఫింబుల్ ఐస్ షెల్ఫ్ కిందికి పంపారు. దక్షిణ గంగోత్రికి పడమర వైపున, అదే తీరంలో ఉంది ఫింబుల్. మొదటి విడత లోపలికి పోయి, అడుగు భాగం ఎలా ఉందో కొలుచుకుని క్షేమంగా వచ్చింది. తర్వాతి విడత పోయింది. మళ్లీ రాలేదు. మంచు కింద దారి తప్పిన యంత్రాన్ని పైకి తెచ్చే మార్గం లేదు. పైకి తేలినా తగిలేది మంచు కప్పే.

అయినా ఆగలేదు. 2009లో దాని తర్వాతి యంత్రం పశ్చిమ అంటార్కిటికాలో పైన్ ఐలాండ్ హిమానీనదం కిందికి దూరింది. నీటి అడుగున ఒక పెద్ద గట్టు ఉందని చూసింది. ఒకప్పుడు మంచు ఆ గట్టు మీద ఆనుకుని ఉండేది. ఇప్పుడు పట్టు వదిలి వెనక్కి పోయింది, ఆ సందులోంచి వెచ్చని నీళ్లు లోపలికి చొరబడుతున్నాయి. 2022లో స్వీడన్ వాళ్ల రాన్ అనే యంత్రం డాట్సన్ ఐస్ షెల్ఫ్ కింద 27 రోజులు తిరిగి, అడుగు భాగాన్ని పటం గీసి తెచ్చింది. నున్నగా ఉంటుందనుకున్న చోట మెట్లు మెట్లుగా కోసిన గట్లు, కన్నీటి చుక్కల ఆకారంలో తొలిచిన గుంటలు కనిపించాయి. 2024లో మళ్లీ అక్కడికే పంపారు. అది కూడా తిరిగిరాలేదు.

ఇల్లు పూడిపోయింది

దక్షిణ గంగోత్రి దగ్గర ఆపద పైనుంచి వచ్చింది. గాలికి ఎగిరొచ్చే మంచుపొడికి ఎదురుగా ఏదన్నా నిలబడితే చాలు, దాని చుట్టూ చేరిపోతుంది. ఏటేటా ఇంటి చుట్టూ మట్టం పెరిగింది. కిటికీలు మునిగాయి. లోపలికి వెళ్లాలంటే పైనుంచి కిందికి దిగాల్సిన రోజు వచ్చింది. ఐదారేళ్లకే ఇల్లు సగానికి పైగా మంచులో కూరుకుపోయింది.

ఇది మనకొక్కరికే జరిగింది కాదు. 1959లో సోవియట్ వాళ్లు అదే తీరంలో లాజరెవ్ అనే కేంద్రాన్ని ఐస్ షెల్ఫ్ మీదే పెట్టి, రెండేళ్లకే మూసి, షిర్మాకర్ రాళ్ల మీదికి మారిపోయారు. బ్రిటన్ వాళ్ల హాలీ కేంద్రాల్లో మొదటి నాలుగూ ఒకదాని తర్వాత ఒకటి మంచులో పూడిపోయాయి. ఆరోదాన్ని స్కీ కాళ్ల మీద కట్టారు. దానికి కూడా కింద మంచు పగులుతోందని తెలిసి, 2017 నాటికి 23 కిలోమీటర్లు లోపలికి లాక్కుపోయారు.

మనవాళ్లు షిర్మాకర్ వైపే నడిచారు. 1989లో రాతి మీద మైత్రి నిలబడింది. పోస్టాఫీసు 1990 జనవరి 26న అక్కడికి మారింది. ఆ ఫిబ్రవరిలో దక్షిణ గంగోత్రిని అధికారికంగా మూసేశారు. మైత్రి కాళ్ల కింద ఉన్నది కదలని రాయి. అందుకే 1997లో హైదరాబాద్ భూభౌతిక సంస్థ తన జీపీఎస్ పరికరాన్ని అక్కడ నిలిపింది. ఖండాలు ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు జరుగుతున్నాయో కొలవాలంటే నేల తేలకూడదు.

తలుపుకు గడియ

తేలే మంచు కరిగితే సముద్రం మట్టం దాదాపు పెరగదు. నీళ్లలో తేలినంత సేపూ అది తన బరువుకు సరిపడా నీటిని ఎప్పుడో పక్కకు తోసే ఉంటుంది. మరి దాని అడుగు కరిగితే బెంగ ఎందుకు?

ఐస్ షెల్ఫ్ చేసే పని వేరే ఉంది. అది పక్కల గట్లకూ అడుగు గట్లకూ ఒరుసుకుంటూ, వెనకనుంచి జారుతున్న నేల మీది మంచును ఆపి పట్టుకుంటుంది. అది బలహీనపడితే వెనకున్నది ముందుకు ఉరుకుతుంది. 2002 మొదట్లో లార్సెన్ బి అనే ఐస్ షెల్ఫ్ నెల రోజుల్లో ముక్కలైంది. దాన్ని పగలగొట్టింది ఎక్కువగా పైన నిలిచిన కరుగు నీరే. కానీ ఆ తర్వాత దాని వెనకున్న హిమానీనదాలు రెండు నుంచి ఎనిమిది రెట్లు వేగంగా సముద్రంలోకి దిగాయి. గడియ తీస్తే తలుపు ఏమవుతుందో లోకానికి అప్పుడు తెలిసింది.

ఆ గడియను ఎక్కువగా అరగదీసేది కింది సముద్రం. 2013లో వెలువడిన ఒక లెక్క ప్రకారం అంటార్కిటికా ఐస్ షెల్ఫ్‌లు అడుగునుంచి ఏటా సుమారు 1,300 గిగాటన్నుల మంచును పోగొట్టుకుంటున్నాయి. గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు. కొండలుగా విరిగి తేలిపోయే దానికంటే ఇది ఎక్కువ.

అన్నిచోట్లా ఒకే తీరు కాదు. దక్షిణ గంగోత్రి ఉన్న తూర్పు వైపు మంచు కిందికి చేరేవి ఎక్కువగా చల్లని నీళ్లే. అక్కడ సముద్రం నెమ్మదిగా తింటుంది. పశ్చిమాన అముండ్సెన్ సముద్రంలో మాత్రం లోతుల్లోంచి సున్నాకు పైన, సుమారు ఒక డిగ్రీ వెచ్చదనం ఉన్న నీళ్లు అడుగు లోయల వెంట లోపలికి వస్తాయి. అంతటి లోతులో ఒక డిగ్రీ అంటే మంచు తట్టుకునే హద్దుకు మూడు నాలుగు డిగ్రీలు మించినట్టు. అక్కడ అడుగునుంచి ఏటా పదుల మీటర్ల మంచు పోతోంది. ఆ ఒడ్డునే ఉన్న థ్వైట్స్ హిమానీనదం ఒక్కటే మొత్తం సముద్రంలో కలిస్తే, ప్రపంచమంతా సముద్ర మట్టం దాదాపు 65 సెంటీమీటర్లు పెరుగుతుంది. 1901 నుంచి 2018 వరకు పెరిగింది ఇరవై.

సిరికొండ నుంచి చూస్తే

గుప్తా తర్వాత హైదరాబాద్ తిరిగొచ్చారు. 1992 నుంచి 2001 వరకు భూభౌతిక సంస్థకు డైరెక్టరు. 2004 సునామీ వచ్చినప్పుడు కేంద్రంలో సముద్ర వ్యవహారాల కార్యదర్శి. 2007లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది. సముద్రమే లేని ఊళ్లో కూర్చుని సముద్రాన్ని కాపలా కాయడం తెలంగాణకు కొత్త కాదు.

ఆయన చదివిన శాస్త్రంలోనే ఇంకో సంగతి ఉంది. అంటార్కిటికా మంచు ఎంత భారీగా ఉందంటే, తన ఆకర్షణతో చుట్టూ ఉన్న సముద్రపు నీళ్లను తన వైపు లాగి పట్టుకుంటుంది. ఆ మంచు తరిగితే పట్టు సడలి, దగ్గరి సముద్రం తగ్గుతుంది. వదిలిన నీళ్లు దూరంగా పోయి చేరతాయి. కాబట్టి పశ్చిమ అంటార్కిటికా మంచు పోయినప్పుడు మట్టం సగటు కంటే ఎక్కువ పెరిగేది దాని పొరుగున కాదు, భూమధ్యరేఖకు ఇవతల, మన వైపున.

సిరికొండకు సముద్రం రాదు. బోధన్ చెరకు తోటలకూ రాదు. కానీ ఈ ఊళ్ల నుంచి మగవాళ్లు దశాబ్దాలుగా పోతున్నది ఎక్కడికి? దుబాయ్, దోహా, మనామా, అబుదాబి. అన్నీ సముద్రాన్ని ఆనుకున్న పల్లపు ఊళ్లు, కొన్ని పేటలైతే సముద్రాన్ని పూడ్చి కట్టినవే. ఇక్కడ లేచిన స్లాబు ఇళ్లకు, ఆడపిల్లల పెళ్లిళ్లకు, బోరుబావులకు డబ్బు వచ్చింది ఆ ఒడ్డు నుంచే. మంచు అడుగున నీళ్లు ఒక డిగ్రీ వెచ్చబడ్డాయన్న వార్త పేపర్లో ఓ మూలన కనిపించిన రోజు, సాయంత్రం ఫోన్లో కొడుకును “మీ క్యాంపు సముద్రానికి ఎంత దూరం?” అని అడిగితే అది తెలియక అడిగిన ప్రశ్నేమీ కాదు.